ముడి వేయని దుప్పటి

“...చిన్నవే కదే, నా బొటనవేలంత ఉన్నాయి. వాటితో నీకొచ్చిన నష్టమేంటి?”

“చిన్నవో పెద్దవో, వద్దన్నానా లేదా? అదొక్కటీ చెప్పమ్మా.”

“అన్నావు.”

“మరి?”

“మరేముంది, బజార్లో కనబడ్డాయి, చేతికి మెత్తగా తగిలాయి, కొన్నాను. నన్ను ఉరి తియ్యి.”

“ఆలు లేదు, చూలు లేదు అనే సామెత మనింట్లోనే పుట్టుంటుంది.”

“ఆలూ ఉంది, చూలూ ఉంది కదే తల్లీ!”

మెట్ల మలుపులో లిఫ్టాయన ఆగిపోయాడు. ఊళ్లో సగం లిఫ్టులు ఆయన చేతి చలవ వల్లే పైకీ కిందికీ తిరుగుతాయి. ఆయన కాపురమున్న మేడకు మాత్రం లిఫ్టు లేదు. “మీ విద్య ఊరికి ఉపకారం, మనకు ఆయాసం” అని సామాన్ల సంచితో ఎక్కినప్పుడల్లా భార్య ఒక్కో అంతస్తు దగ్గరా ఆగి మరీ అంటుంది. ఇప్పుడు ఆయన ఆగింది ఆయాసంతో కాదు. లోపల మాటలు ఏ దారిన పడ్డాయో ఆయనకు తెలుసు. అవి తిరిగి తిరిగి పోయినేడాది దగ్గరకు చేరతాయి. అక్కడికి చేరాక ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

ఆయన తలుపు తోసేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ముందుగదిలో కిటికీ పక్క మంచం మీద కూతురు గోడవైపు తిరిగి పడుకుంది. బిడ్డ బయటపడేదాకా మంచం దిగకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అల్లుడిది అచ్చాఫీసులో రాత్రి పని. పగలంతా అతను నిద్రపోతే ఈమెను చూసేవాళ్లుండరని పుట్టింటికి తెచ్చుకున్నారు. అతను రోజూ పొద్దున్నే డ్యూటీ దిగి, వేళ్లకు సిరా మరకలతో వచ్చి, ఆమె కాళ్ల దగ్గర కాసేపు కూర్చుని, కూర్చున్నచోటే కునుకు తీసి వెళ్తాడు.

వంటగది గుమ్మంలో భార్య ఆయన గుప్పిట్లో ఏదో కుక్కింది. విప్పి చూస్తే లేత పసుపు మేజోళ్లు, ఒక జత.

“ఎక్కడన్నా దాచండి” అంది, గొంతు తగ్గించి.

“ఎక్కడ?”

“దాని చెయ్యి పోని చోట.”

ఆ ఇంట్లో కూతురి చెయ్యి పోని చోటు ఒక్కటే, ఆయన పనిముట్ల సంచి. స్పానర్లకూ గ్రీజు డబ్బాకూ మధ్య, ఉతికిన గుడ్డలో చుట్టి ఆ మేజోళ్లను పెట్టుకున్నాడు.

పోయినేడాది ఆ పిల్ల అన్నీ ముందే కొనుక్కుంది. ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో ఉద్యోగం కదా, తన గదికి కూడా ప్లాను గీసి, ఉయ్యాల ఇక్కడ, బట్టల బీరువా ఇక్కడ అని గీతలు పెట్టుకుంది. ఏనుగుల బొమ్మలున్న దుప్పటి ఒకటి కొంది. కడుపు నలుగురికీ తెలిసే వేళకు అంతా అయిపోయింది. అన్నీ ఎవరెవరికో ఇచ్చేశారు గానీ దుప్పటి మాత్రం తనే తీసుకెళ్లి దుకాణంలో తిరిగిచ్చింది. వద్దన్నా వినలేదు. కౌంటరు వెనకాల అమ్మాయి పాపం ఏం తెలియక, “ఏం నచ్చలేదు మేడమ్? రంగా, సైజా?” అని అడిగింది. వాకిట్లో స్కూటరు పట్టుకుని నిలబడ్డ లిఫ్టాయనకు ఆ ప్రశ్న వినబడింది. జవాబు మాత్రం వినబడలేదు.

ఈసారి బిడ్డ చేతికి వచ్చేదాకా ఇంట్లోకి ఒక్క నూలుపోగు రాకూడదని ఆమె పెట్టిన షరతు. తిరిగివ్వాల్సింది ఏదీ ఉండకూడదు, అంతే.

*

“ఇవి ఏ నంబరు నట్టుకు తొడుగుతావు బావా?”

స్పానరు కోసం సంచిలో చెయ్యి పెట్టిన వైర్‌మన్ మేజోళ్లను వేలికి తగిలించి ఊపుతున్నాడు. ఇద్దరికీ చుట్టరికం లేదు. ఏళ్ల తరబడి లిఫ్టు తిరిగే ఒకే షాఫ్టులో వేలాడితే వరసలు వాటంతటవే వచ్చేస్తాయి.

“నీ చేతి గ్రీజు అంటితే నీ వేలికే నట్టు బిగిస్తా. లోపల పెట్టు.”

వైర్‌మన్‌కు సంగతి తెలుసు. నవ్వు ఆపి, రెండు చేతులూ గుడ్డకు తుడుచుకుని, వాటిని ఎలా ఉన్నవాటిని అలా మడిచి పెట్టాడు.

ఇద్దరూ లిఫ్టు నెత్తి మీద కూర్చుని నెమ్మదిగా పైకి పోతున్నారు. షాఫ్టులో పగలు కూడా మసక చీకటే. ఒక్కో అంతస్తు తలుపు సందులోంచి సన్నటి వెలుగు గీత వచ్చి మోకాళ్ల మీద పడి కిందికి జారిపోతుంది. గోడల అవతల మాటలు వస్తూ పోతూ ఉంటాయి. ఎవరో పద్యం వల్లె వేస్తున్నారు. ఎవరో తాళం చెవి వెతుక్కుంటున్నారు. ఒకచోట చంటిపిల్ల ఏడుపు వినబడి, లిఫ్టు పైకి సాగేకొద్దీ పాదాల కిందికి దిగిపోయింది.

ఉక్కుతాడు ఆయన ముఖానికి దగ్గరగా కదులుతోంది. సన్నటి తీగల్ని పేని ఒక పురి, పురుల్ని పేని తాడు. ఎడమచేత్తో గుడ్డ పట్టి దాన్ని తుడుస్తుంటే, ఆ వేళ్ల మధ్య ఉక్కు కాదు, మెత్తగా, వెచ్చగా ఇంకేదో జారుతున్నట్టు అనిపించింది.

చిన్నప్పుడు జ్వరం కీళ్లలోకి దిగి ఒక వానాకాలమంతా ఆయన మంచానికే అంటుకుపోయాడు. చూరు నుంచి నీళ్లు పడే చప్పుడు, దీపం చుట్టూ పసుపు వలయం, ఆ వలయంలో అక్క చేతులు. అవే గుర్తు. అక్క కొక్కెం సూదితో క్రోషే లేసు అల్లేది. వీడికీ ఏదో ఒకటి పెట్టకపోతే జ్వరం కంటే ముందు విసుగుతో పోయేలా ఉన్నాడని నేర్పడం మొదలుపెట్టింది. ఆయనది పుర్రచెయ్యి. బళ్లో, ఇంట్లో ఎవరు ఏం నేర్పినా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పి, రాకపోతే నెత్తిన మొట్టేవాళ్లు. అక్క ఒక్కతే పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. “అద్దంలో చూస్తున్నాననుకో. నా కుడి నీకు ఎడమ. నేనెలా చేస్తే అలా చెయ్యి” అంది. ఆ పూటే గొలుసు కుట్టు వచ్చింది. వాన వెలిసేసరికి బల్లగుడ్డ వచ్చింది.

పనిలో చేరేదాకా అల్లుతూనే ఉన్నాడు. చేరిన మొదటి రోజున పనివాళ్ల చేతులు చూశాక సూది అక్క ఇంట్లో పెట్టి వచ్చేశాడు. ఎవరో నవ్వారని మానలేదు. నవ్వకముందే మానేశాడు.

“బావా, ఏ లోకంలో ఉన్నావు? పై అంతస్తు వచ్చింది” అన్నాడు వైర్‌మన్.

*

“ఏంట్రా, అక్క గుర్తొచ్చిందా?”

“మొన్ననే కదా వచ్చాను.”

“నేను గుర్తొచ్చి రాలేదుగా. మా వీధి చివర నీ స్కూటరు ఆగిపోతే వచ్చావు.”

“సూది కావాలక్కా.”

అక్క లోపలికెళ్లి పాత కళ్లజోడు డబ్బా ఒకటి తెచ్చింది. మూత తీస్తే ఉక్కు సూది, వేలు ఆనేచోట అరిగి మెరుస్తోంది.

“అమ్మడు ఒప్పుకుందా?”

“లేదు.”

“మరెందుకురా?”

“ఊడదీయడానికి.”

అక్క ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. “ఆ జ్వరం మళ్లీ తిరగబెట్టినట్టుంది” అంది.

ఆ సాయంత్రం ఆయన చేతులు కడుక్కుని, గోళ్ల సందుల్లో గ్రీజు పోయేదాకా సున్నిపిండి పట్టించినట్టు సబ్బు పట్టించి, కూతురి మంచానికి ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. ఒళ్లో పావురం మెడ రంగు ఊలు ఉండ. మొదట వేళ్లు మొరాయించాయి. గొలుసు ఒకచోట బిర్రుగా, ఒకచోట వదులుగా, కప్పను మింగిన పాములా తయారైంది. ఆయన చూపు కిటికీ వైపు పోయింది. బయట ఎదురింటి మేడ మీద ఎవరో ఆరేసిన బట్టలు తీస్తున్నారు. అటు చూస్తూండగా, చూడనిచోట వేళ్లు తమంతట తాము దారి పట్టాయి.

“ఏంటది?” అంది కూతురు.

“ఊలు.”

“అది కనబడుతోంది. ఏం చేస్తున్నావు?”

“ఏం లేదమ్మడూ. చేతులు ఖాళీగా ఉంటే చుట్ట తాగాలనిపిస్తోంది.”

“నువ్వెప్పుడు తాగావు చుట్ట?”

“అందుకే, ఈ వయసులో కొత్త అలవాట్లెందుకని.”

ఆమె నవ్వలేదు. “నాన్నా, అది దుప్పటే కదా” అంది, మెల్లగా. గొంతులో కోపం లేదు, కోపం కంటే బరువైంది ఉంది.

లిఫ్టాయన సూది బయటికి తీసి, కొస పట్టుకుని లాగాడు. ఆ సాయంత్రమంతా అల్లింది కుట్టు వెనక కుట్టుగా, చిన్న గాలిలా చప్పుడు చేస్తూ విడిపోయింది. కొంచెం వంకీలు తిరిగిన ఊలు ఆయన మోకాళ్ల మీద కుప్పపడింది. ఒక్క ముక్క వృథా కాలేదు.

“చూశావా? దుప్పటి ఎక్కడుంది? నేత గుడ్డ అయితే కత్తెర పడాలి, చింపాలి. ఇది అలా కాదు. ఆఖరి ముడి పడేదాకా ఇది ఊలే. నువ్వు చెప్పేదాకా నేను ముడి వెయ్యను. ఏ దుకాణానికీ తిరిగివ్వక్కర్లేదు.”

ఆమె గోడవైపు తిరిగిపోయింది. పొమ్మని మాత్రం అనలేదు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. అల్లాడు. లేచేముందు కొస లాగేశాడు. ఆ తర్వాతి రోజూ అంతే. భార్య గుమ్మంలో నిలబడి చూసి, “పగలంతా లిఫ్టులు పైకీ కిందికీ తిప్పింది చాలక ఇంట్లోనూ అదే పనా?” అని గొణుక్కుంటూ పోయింది. సాయంత్రపు ఎండ కిటికీ చువ్వల నీడల్ని మంచం మీద పరిచి, ఎత్తి, తీసుకుపోయేది. ఆ కాసేపట్లో చెయ్యెడు గుడ్డ పుట్టేది, మాయమయ్యేది. కూతురు మొదట్లో కళ్లు మూసుకునేది. తర్వాత పుస్తకం అడ్డం పెట్టుకునేది. ఆ పుస్తకంలో పేజీ తిరగడం లేదని ఆయన గమనించాడు గానీ గమనించినట్టు కనబడలేదు.

ఒక సాయంత్రం లేవబోతూ సూది తీస్తుంటే, “ఇవాళ ఉంచు” అంది ఆమె, పుస్తకం వెనకనుంచి. “రోజూ మొదటి వరసే చూసి చూసి విసుగొస్తోంది.”

ఆయన సూది తీసి, విడిచిన ఆఖరి ఊలు ఉంగరానికి ఒక పిన్నీసు తగిలించి, సూదితో సహా మడిచి, మంచానికి చెయ్యందేంత దగ్గర కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయాడు. వంటగదిలోకి వెళ్లి గ్లాసుడు నీళ్లు తాగి, ఇంకో గ్లాసుడు కూడా తాగాడు.

*

వరసలు పెరిగాయి. ఆయన ఒళ్లోంచి మోకాళ్ల మీదికి, మోకాళ్ల మీంచి నేల దాకా దిగాయి. ఇప్పుడు పనిలో కూడా ఆయనకు ఆ లెక్కే. షాఫ్టులో ఒక్కో అంతస్తూ ఒక్కో వరసలా కిందికి జారిపోయేది.

ఓ రోజు పని ఆలస్యమై దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాడు. కూతురు నిద్రపోతోంది. దుప్పటి కుర్చీ మీదే ఉంది. మడత మాత్రం ఆయన మడత కాదు. తీసి ఒళ్లో పరుచుకుని, అరచేత్తో సవరించాడు. చెయ్యి ఒకచోట ఆగింది.

తెలియనివాళ్లకు అక్కడ ఏమీ కనబడదు. క్రోషేలో వరస అయ్యాక గుడ్డను తిప్పి రెండో వరస మొదలుపెడతారు. అందుకని ఒక వరస ముఖం చూపిస్తే దాని పక్కది వీపు చూపిస్తుంది. ఆయన పుర్రచెయ్యి ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. ఇక్కడ రెండు వరసలు పక్కపక్కనే ఒకే వైపు ముఖం పెట్టి పడుకున్నాయి. వాటి మధ్య సన్నటి గీత. ఆయన వరస ఆగిన కుడి కొసన, గుడ్డ తిప్పకుండానే ఎవరో అందుకుని ఎడమకు నడిచారు. కుడిచేతి వాటం వాళ్లు తప్ప అలా నడవలేరు.

ఆ తర్వాత ఇంకొన్ని వరసలు. కుట్లు బిర్రుగా ఉన్నాయి, భయపడుతూ మెట్లెక్కే మనిషి అడుగుల్లా. ప్రతి వరసలోనూ చివరి కుట్టు జారిపోయింది. కొత్తగా నేర్చినవాళ్లు అందరూ చేసే పొరపాటే. ఆఖరి కుట్టు అంచులో ఒదిగి ఉంటుంది, కంటికి ఆనదు. అందుకే అంచు కొద్దికొద్దిగా లోపలికి వచ్చేసింది.

భార్య వంటగదిలోంచి తొంగిచూసింది. ఆమె సూది పట్టుకోగా ఆయన ఎన్నడూ చూడలేదు. అక్క ఈమధ్య రాలేదు. అల్లుడి వేళ్లయితే సిరా మరక విడిచి ఉండేవి.

ఆయన మంచం వైపు చూశాడు. ఇన్నాళ్లూ ఆ పిల్లకు ఎదురుగానే కూర్చున్నాడు. తన ఎడమ ఆమెకు కుడి. ఎవరూ నేర్పకుండానే, అద్దంలో చూసినట్టు చూసింది. కళ్లు మూసి ఉన్నాయి. రెప్పలు మరీ గట్టిగా మూసుకుని ఉన్నాయి, నిద్రపోయేవాళ్ల రెప్పలు అంత గట్టిగా ఉండవు.

ఊడదీసి సరిచేయడం ఎంతసేపు? కొస ఆయన వేళ్ల మధ్యే ఉంది. కాసేపు దాన్ని అటూ ఇటూ నలిపాడు. తర్వాత పిన్నీసు తీసి, సూది దూర్చి, తన వరస మొదలుపెట్టాడు. అంచుకు చేరినప్పుడల్లా ఒక కుట్టు కలుపుతూ, లోపలికి పోయిన అంచును మెల్లగా బయటికి తెచ్చుకున్నాడు.

ఆ తర్వాత అది అలవాటైపోయింది. పగటి వరసలు ఒకవైపు నుంచి, సాయంత్రపు వరసలు రెండోవైపు నుంచి. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఒకరోజు మాత్రం ఆయన అల్లుతూ అల్లుతూ, గాలితో చెబుతున్నట్టు, “ఆఖరి కుట్టు దాక్కుంటుంది. దొంగముండ. వేలితో తడిమితే దొరుకుతుంది” అన్నాడు. మర్నాటి పగటి వరసల అంచు తిన్నగా ఉంది.

*

దుప్పటి పూర్తయిందని తెలిసి అక్క వచ్చింది. ఆ మధ్యాహ్నం భార్య ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన సంచి సర్దుతోంది. అందులో కూతురి బట్టలు, దువ్వెన, తువ్వాళ్లు ఉన్నాయి. బిడ్డవంటూ ఒక్కటీ లేవు. ఆ ఖాళీ అందరికీ కనబడుతూనే ఉంది. ఎవరూ దాని జోలికి పోలేదు.

అక్క దుప్పటిని కిటికీ వెలుతురుకు పట్టి చూసింది.

“ఒరే, ఇదేంట్రా ఇక్కడ నడుం సన్నబడింది?”

“ఉండనీ అక్కా. ఆడపిల్లయినా మగపిల్లాడైనా నడుం అంటూ ఒకటి ఉండాలి కదా.”

భార్య సంచిలోకి వంగి నవ్వింది. అక్క నవ్వలేదు. అద్దాలు సవరించుకుని, ఆ సన్నటి గీత వెంట వేలు నడిపింది. తమ్ముడి ఎడమచెయ్యి చూసింది. మంచం మీద మేనకోడలి కుడిచెయ్యి చూసింది. “ఓహో” అంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని పేరు. ఆ పూట మాత్రం నానింది.

“బాగుంది గానీ, కొసన ఈ పిన్నీసు ఏంటి?”

“ముడి వెయ్యలేదు.”

“ఏనుగు వెళ్లి తోక చిక్కినట్టు, ఇంత అల్లి ఒక్క ముడికి బద్ధకమా? బిడ్డ కాలివేలు తగిలిందంటే మొత్తం జారిపోతుంది. కత్తెర ఇలా తే, ఊలు తెంపి నేను వేస్తా.”

“వద్దక్కా.”

“ఎందుకు వద్దు?”

“అది నా చేతిలో లేదు.”

“మరెవరి చేతిలో ఉంది?”

భార్య తువ్వాలు మడత పెట్టింది. మడిచినదాన్నే విప్పి మళ్లీ మడిచింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

కూతురు దిండు ఆనుకుని కొంచెం పైకి లేచింది. పొట్ట మీద చీర ఒకచోట ఎత్తుగా లేచి, సర్దుకుంది. ఆమె అక్కడ చెయ్యి పెట్టి, లోపలినుంచి ఇంకోసారి తగిలేదాకా ఆగింది. తర్వాత ఆ చెయ్యే చాచి దుప్పటిని తన ఒళ్లోకి లాక్కుంది. పిన్నీసు తీసి తల్లి అరచేతిలో పెట్టింది.

“నాన్నా, ఆ కత్తెర ఇటివ్వు” అంది. “ముడి నేను వేస్తాను.”